స్క్రీన్‌ని వర్ణిస్తే, మార్చేదెవరు?

ఇన్‌బాక్స్ తెరిస్తే చదవని మెసేజ్ ఒక్కటీ ఉండదు. ఐకాన్ మీద మాత్రం 1 అనే అంకెతో ఎర్ర చుక్క కదలకుండా కూర్చుని ఉంటుంది. యాప్ మూసి తెరిస్తే పోతుంది, రెండు రోజులకు మళ్లీ వస్తుంది. 2014లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు ఫ్లక్స్ అనే పద్ధతిని అందరికీ పరిచయం చేసినప్పుడు చెప్పుకున్న కష్టం కూడా ఇదే. చాట్‌లో చదవని మెసేజ్‌ల లెక్కను సరిచేసిన కొద్దీ మళ్లీ తప్పుతోందని. అలాంటి బగ్ ఏ ఒక్క లైన్లోనూ దొరకదు. అది కోడ్ రాసే తీరులోనే ఉంటుంది.

ఆ తీరేమిటో చూద్దాం. చదవని మెసేజ్‌ల సంఖ్య మూడు చోట్ల కనబడాలి: ఐకాన్ మీది చుక్కలో, విండో టైటిల్లో, లిస్టు పైన హెడ్డింగ్ పక్కన. ఆ సంఖ్య మారడానికి అయిదు సందర్భాలు ఉన్నాయి. కొత్త మెసేజ్ రావచ్చు, వచ్చినదాన్ని తెరిచి చదవచ్చు, చదవకుండానే డిలీట్ చేయచ్చు, చదివినదాన్ని మళ్లీ చదవనిదిగా గుర్తు పెట్టుకోవచ్చు, వేరే ఫోన్లో చదివేయచ్చు. ఒక్కో సందర్భానికి ఒక్కో ఫంక్షన్. ప్రతి ఫంక్షనూ మూడు చోట్లకూ వెళ్లి అంకె మార్చి రావాలి. అంటే 15 చోట్ల "ఇది మార్చు" అనే ఆదేశం. ఆరో సందర్భం వస్తే మరో మూడు ఆదేశాలు, నాలుగో చోట చూపించాలంటే పాత ఫంక్షన్లన్నీ మళ్లీ తెరవాలి. ఎక్కడో ఒకటి మరిచిపోతే ఆ ఎర్ర చుక్కే మిగులుతుంది.

డిక్లరేటివ్ పద్ధతిలో, అంటే ఎలా మార్చాలో ఆదేశించకుండా ఎలా ఉండాలో వర్ణించే పద్ధతిలో, ఈ 15 ఆదేశాలూ ఉండవు. మెసేజ్‌ల జాబితా ఒక్కటే నిజం. సంఖ్యను ఎవరూ విడిగా దాచి పెట్టరు, జాబితాలో చదవనివెన్నో లెక్కపెడితే వచ్చేదే సంఖ్య. చుక్కలో ఆ సంఖ్య ఉంటుందని, సున్నా అయితే చుక్కే ఉండదని ఒకసారి రాస్తారు. టైటిల్‌కి ఒకసారి, హెడ్డింగ్‌కి ఒకసారి. అయిదు సందర్భాలూ జాబితాను మార్చి ఊరుకుంటాయి. స్క్రీన్ సంగతి వాటికి అక్కర్లేదు.

దీన్ని "తక్కువ కోడ్" అని మెచ్చుకోవడం అలవాటైపోయింది కానీ, కోడ్ ప్రతిసారీ తగ్గదు. నిజంగా తగ్గేది వేరే ఉంది. ఒక స్క్రీన్‌కి నాలుగు రూపాలు ఉన్నాయనుకుంటే (లోడ్ అవుతోంది, ఖాళీ, జాబితా, ఎర్రర్) వాటిని వర్ణించడానికి నాలుగు వర్ణనలు చాలు. ఒక రూపం నుంచి మరో రూపానికి వెళ్లే దారులు మాత్రం 12. రూపాలు 10 అయితే దారులు 90. ఇంపరేటివ్ కోడ్ (ఆదేశాల కోడ్) రాసేవాళ్లు దారుల్ని రాస్తారు, డిక్లరేటివ్ కోడ్ రాసేవాళ్లు రూపాల్ని రాస్తారు. అలాగని ఆ 90 దారులు మాయమైపోవు. లోడింగ్ చక్రాన్ని ఎవరో ఒకరు తీసెయ్యాలి, జాబితాను ఎవరో ఒకరు పెట్టాలి. ఆ పని ప్రోగ్రామర్ చేతి నుంచి ఫ్రేమ్‌వర్క్ (యాప్‌కి పునాదిగా వాడుకునే రెడీమేడ్ కోడ్) చేతికి మారింది, అంతే. అది ఆ పనిని ఎలా చేస్తుంది, బదులుగా ఏం అడుగుతుంది అన్నది తెలియకుండా ఈ పద్ధతిలో కోడ్ రాస్తే, చుక్క పోయి దాని చోట ఇంకా వింతైన బగ్గులు వస్తాయి.

పాత ఆలోచనే

1963లో ఐవన్ సదర్లాండ్ తయారుచేసిన స్కెచ్‌ప్యాడ్‌లో గీసే మనిషి "ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి" అని చెప్తే చాలు, ఎలా జరపాలో యంత్రమే చూసుకునేది. 1979లో వచ్చిన విజికాల్క్ స్ప్రెడ్‌షీట్ అదే సంగతిని ఆఫీసు బల్లల మీదికి తెచ్చింది. ఒక గడిలో సూత్రం రాస్తే, ఆ సూత్రం వాడుకున్న గడులు మారినప్పుడల్లా అది దానంతటదే మారుతుంది. ప్రోగ్రామింగ్ అనే మాట ఎరగనివాళ్లు కూడా హాయిగా డిక్లరేటివ్ ప్రోగ్రాములు రాసుకున్నారు, ఇప్పటికీ రాసుకుంటున్నారు.

మరి యాప్‌ల స్క్రీన్లకు ఇది ఎందుకింత ఆలస్యంగా వచ్చింది? విండోలు, బటన్లు పుట్టింది ఆబ్జెక్టుల లోకంలో. అదే 1979లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ట్రిగ్వె రీన్‌స్కౌగ్ మోడల్, వ్యూ, కంట్రోలర్ అనే విభజన చేశాడు. డేటా ఒకచోట, దాన్ని చూపించేది మరోచోట. విభజన మంచిదే. చిక్కు ఎక్కడొచ్చిందంటే, తర్వాత వచ్చిన టూల్‌కిట్లలో ప్రతి విడ్జెట్టూ (బటన్, పెట్టె లాంటి ప్రతి ముక్కా) తన సొంత స్టేట్, అంటే ఆ క్షణాన తనలో ఉన్న విలువలు, తన దగ్గరే ఉంచుకుంది. టెక్స్ట్ పెట్టెలో ఒక పేరు, మోడల్లో ఒక పేరు. చెక్‌బాక్స్‌లో ఒక టిక్కు, డేటాబేస్‌లో ఒక టిక్కు. ఒకే నిజానికి రెండు కాపీలు ఉంటే వాటిని కలిపి ఉంచడమే ఉద్యోగమైపోతుంది.

మైక్రోసాఫ్ట్ 2006లో విండోస్ యాప్‌ల స్క్రీన్లు కట్టే డబ్ల్యూపీఎఫ్‌తో పాటు తెచ్చిన జామెల్ అనే భాష ఈ రెండు కాపీలను బైండింగ్ అనే దారంతో కట్టింది. ఆలోచన సరైనదే కానీ భాష బలహీనం. జామెల్ మార్కప్ మాత్రమే, అందులో లెక్క చేయడానికి వీల్లేదు. డేటాలో "అవును, కాదు" అని ఉంటుంది, విడ్జెట్ కనబడాలా వద్దా అన్నది మరో రకం విలువ. ఈ రెండిటి మధ్య కన్వర్టర్ అనే క్లాస్ ఒకటి కావాలి. "కాదు అయితే చూపించు" అనాలంటే ఇంకో కన్వర్టర్ సొంతంగా రాసుకోవాలి. పైగా బైండింగ్‌లో ప్రాపర్టీ పేరు ఒక అక్షరం తప్పు పడితే కంపైలర్ (కోడ్‌ని నడిపే ముందే యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రామ్) కిమ్మనదు, స్క్రీన్ మీద ఖాళీ కనబడుతుంది. వర్ణనకు పనికొచ్చే భాషకి కనీసం "అయితే", "లేకపోతే", "కూడిక" రావాలని అక్కడ తేలింది.

దారాలు, అవి తెగే చోట్లు

2010లో క్యూట్ అనే టూల్‌కిట్ 4.7 వెర్షన్‌తో వచ్చిన క్యూఎమ్‌ఎల్ ఈ పాఠాన్ని బాగా వంటబట్టించుకుంది. యూజర్ ఇంటర్‌ఫేస్ కోసమే పుట్టిన భాష అది. ప్రతి ప్రాపర్టీకీ ఎదురుగా జావాస్క్రిప్ట్‌లో ఏ లెక్కైనా రాయచ్చు. "విడ్త్: పేరెంట్.విడ్త్ / 2" అని రాస్తే, పేరెంట్ (దీన్ని తనలో పెట్టుకున్న పెట్టె) వెడల్పు మారినప్పుడల్లా ఇది సగానికి సర్దుకుంటుంది. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో ప్రోగ్రామర్ చెప్పనక్కర్లేదు. లెక్క నడుస్తున్నప్పుడు ఏయే ప్రాపర్టీలను చదివిందో ఇంజిన్ గమనించి రాసి పెట్టుకుంటుంది. వాటిలో ఏది మారినా ఈ ఒక్క లెక్కనే మళ్లీ చేస్తుంది. అచ్చంగా స్ప్రెడ్‌షీట్ గడి.

అయితే క్యూఎమ్‌ఎల్‌లో ఈక్వల్స్ గుర్తు పెట్టి ఆదేశంలాగా కూడా రాయచ్చు. క్లిక్ చేసినప్పుడు "విడ్త్ = 200" అని ఎవరో ఒక లైను రాస్తారు. అది పనిచేస్తుంది, వెడల్పు 200 అవుతుంది. దాంతోపాటు పాత బైండింగ్ తెగిపోతుంది. ఆ తర్వాత విండోని సాగదీస్తే ఈ పెట్టె కదలదు. క్లిక్ చేసి, ఆపైన సాగదీస్తేనే బయటపడే బగ్ ఇది. విడివిడిగా పరీక్షించినవాళ్లకు ఎప్పటికీ దొరకదు. లాగింగ్‌లో ఒక ఆప్షన్ ఆన్ చేస్తే తెగిన ప్రతి బైండింగ్‌నూ చూపిస్తుంది, ఆదేశంలోంచే మళ్లీ దారం కట్టడానికి ఒక ఫంక్షన్ కూడా ఉంది. ఉన్నా, వర్ణననూ ఆదేశాన్నీ ఒకే ప్రాపర్టీ మీద అనుమతించడం ఆ భాష చేసిన ఖరీదైన రాజీ అనే చెప్పాలి.

దారాలతో ఇంకో చిక్కు, చుట్టు తిరగడం. టెక్స్ట్ ఎత్తు వెడల్పును బట్టి, వెడల్పు ఎత్తును బట్టి అని రాస్తే ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు. స్ప్రెడ్‌షీట్లు ఇలాంటప్పుడు హెచ్చరిస్తాయి. క్యూఎమ్‌ఎల్ కూడా ప్రోగ్రామ్ నడుస్తుండగా హెచ్చరించి ఆపేస్తుంది. క్యూట్‌లో పనిచేసి బయటికి వచ్చినవాళ్లు మొదలుపెట్టిన స్లింట్ అనే భాష ఈ చుట్టును కంపైల్ సమయంలోనే పట్టుకుంటుంది. సొంత భాష ఉంటే కలిగే లాభం ఇది: వర్ణన అంతా ముందే కంపైలర్ కళ్లెదుట ఉంటుంది.

వెబ్‌లో ఈ దారాల పద్ధతి ఇప్పుడు సిగ్నల్స్ పేరుతో చలామణి అవుతోంది. వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లలో సాలిడ్ దాని మీదే నిలబడింది, యాంగ్యులర్ 2023లో, స్వెల్ట్ 2024లో దాన్ని తెచ్చుకున్నాయి.

మొత్తం మళ్లీ వర్ణించు

2013లో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్ పూర్తిగా వేరే దారి పట్టింది. దారాలు లేవు. ఏదైనా మారితే ఆ భాగాన్ని వర్ణించే ఫంక్షన్‌ని మొదటి నుంచి మళ్లీ నడుపుతుంది. వచ్చిన కొత్త వర్ణనను పాత వర్ణనతో పోల్చి, తేడా ఉన్నంత మేరకే స్క్రీన్‌ని తాకుతుంది. మొదట్లో దీన్ని వింటే చాలామందికి నవ్వొచ్చింది, ఒక అక్షరం మారితే మొత్తం మళ్లీ వర్ణించడమేమిటని. కానీ ఫంక్షన్ నడపడం చవక, స్క్రీన్‌ని తాకడం ఖరీదు. ఆ లెక్క కుదిరింది. ఫ్లట్టర్ (1.0 వచ్చింది 2018 డిసెంబర్లో), యాపిల్ వారి స్విఫ్ట్‌యూఐ (2019), ఆండ్రాయిడ్ కోసం వచ్చిన జెట్‌ప్యాక్ కంపోజ్ (1.0 వచ్చింది 2021 జులైలో) వివరాల్లో తేడాలున్నా ఇదే కుటుంబానివి.

పోల్చడం అన్నంత తేలిక కాదు. వర్ణన అంటే ఒకదాని లోపల ఒకటి ఉండే ఎలిమెంట్ల చెట్టు. అలాంటి రెండు చెట్ల మధ్య అతి తక్కువ మార్పులేవో కచ్చితంగా తేల్చే సాధారణ అల్గారిథమ్‌లకు, ఎలిమెంట్లు 1000 ఉంటే 100 కోట్ల స్థాయిలో పోలికలు కావాలి. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద ఒక ఫ్రేమ్‌కి దొరికేది 16.7 మిల్లీసెకన్లు, 120 హెర్ట్జ్ అయితే 8.3. అందుకని రియాక్ట్ కచ్చితత్వం వదిలేసి రెండు ఊహలతో సరిపెట్టుకుంది. రకం మారితే ఆ కొమ్మ మొత్తం కొత్తదే అనుకుంటుంది. రకం మారకపోతే, అదే చోట ఉన్నది అదే వస్తువు అనుకుంటుంది, ప్రోగ్రామర్ కీ (వస్తువును గుర్తుపట్టే పేరు) ఇచ్చి వేరుగా చెబితే తప్ప. ఈ రెండో ఊహ దగ్గరే అసలు కథంతా నడుస్తుంది.

చేయాల్సిన పనుల జాబితా ఒకటి ఊహించండి. ఒక్కో వరసలో పని పేరు, పక్కన నోట్ రాసుకునే చిన్న పెట్టె. మొదటి వరస పెట్టెలో ఎవరో నోట్ సగం టైప్ చేశారు. అంతలో సర్వర్ నుంచి కొత్త పని వచ్చి జాబితాలో అందరికన్నా పైన చేరింది. కీలు లేకపోతే ఫ్రేమ్‌వర్క్ వరసల్ని చోటును బట్టి జత కలుపుతుంది: పాత మొదటిది కొత్త మొదటిదే, పాత రెండోది కొత్త రెండోదే. పేర్లు మారాయి కాబట్టి పేర్లు దిద్దుతుంది. పెట్టెలో టైప్ చేసింది మాత్రం వర్ణనలో లేదు, అది పెట్టె సొంత సొత్తు. అది కదలదు. ఫలితం, సగం రాసిన నోట్ ఇప్పుడు వేరే పని పక్కన కనబడుతుంది. పేర్లన్నీ సరే, లెక్కలన్నీ సరే, నోట్ ఒక్కటే పక్కింట్లో.

కీ ఇవ్వమని ఫ్రేమ్‌వర్క్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక నోరు మూయించడానికి చాలామంది చేసే పని వరస సంఖ్యనే కీగా ఇవ్వడం. హెచ్చరిక పోతుంది, జబ్బు అలాగే ఉంటుంది, ఎందుకంటే వరస సంఖ్య అంటే చోటే కదా. ఇంకొందరు ప్రతిసారీ యాదృచ్ఛికంగా కొత్త కీ పుట్టిస్తారు. అది ఇంకా ఘోరం: ప్రతి వర్ణనలోనూ ప్రతి వరసా కొత్తదైపోయి, పెట్టెలన్నీ చెరిపి కట్టబడతాయి, టైప్ చేస్తుంటే కర్సర్ ఎగిరిపోతుంది. కీగా పనికొచ్చేది డేటాతో పాటు పుట్టి డేటాతో పాటు పోయే గుర్తు మాత్రమే.

"ఇది అదేనా, వేరేదా?" అన్న ఈ ప్రశ్నకు ఒక్కో ఫ్రేమ్‌వర్క్ ఒక్కో జవాబు చెప్తుంది. షరతు నిజమైతే ఒక కౌంటర్, కాకపోతే వేరే రంగులో అలాంటిదే కౌంటర్ అని రాశారనుకోండి. రియాక్ట్‌లో రెండూ ఒకే చోట, ఒకే రకం, కాబట్టి షరతు మారినా లెక్క అలాగే కొనసాగుతుంది. స్విఫ్ట్‌యూఐలో, కంపోజ్‌లో "అయితే" కొమ్మ వేరు, "లేకపోతే" కొమ్మ వేరు. షరతు మారగానే లెక్క సున్నాకి వస్తుంది. చూడటానికి ఒకేలాంటి కోడ్, రెండు భిన్నమైన ప్రవర్తనలు. ఒక ఫ్రేమ్‌వర్క్ నుంచి మరోదానికి మారినవాళ్లు తడబడేది సింటాక్స్ దగ్గర కాదు, ఇక్కడ. వర్ణన అంటే ఈ క్షణానికి సంబంధించింది. ఒక వస్తువు నిన్నటిదేనా అన్నది రెండు క్షణాల మధ్య సంగతి. వర్ణన ఎంత వివరంగా రాసినా అది అందులో ఉండదు. బయటి నుంచి ఎవరైనా చెప్పాలి, లేదా ఫ్రేమ్‌వర్క్ ఊహించుకోవాలి.

దీన్ని తెలిసి వాడుకుంటే లాభం కూడా ఉంది. ప్రొఫైల్ ఎడిట్ చేసే ఫారమ్‌కి యూజర్ ఐడీని కీగా ఇస్తే, మరో యూజర్‌కి వెళ్లగానే ఫారమ్ మొత్తం శుభ్రంగా కొత్తదవుతుంది. ఒక్కో గడినీ ఖాళీ చేసే కోడ్ రాయనక్కర్లేదు.

ఏది ఏదో చెప్పాలన్నది ఫ్రేమ్‌వర్క్ అడిగే మొదటి షరతు. ఇక రెండో షరతు. వర్ణించే ఫంక్షన్ వర్ణించడం తప్ప మరేం చేయకూడదు. దాన్ని ఎన్నిసార్లు పిలవాలో, ఎప్పుడు పిలవాలో, అసలు పిలవాలో వద్దో ఫ్రేమ్‌వర్క్ ఇష్టం. కంపోజ్ అయితే అవసరం లేదనుకున్న ఫంక్షన్లను దాటేస్తుంది. వర్ణన మధ్యలో సర్వర్‌కి రిక్వెస్ట్ పంపితే అది ఒకసారి వెళ్తుందో పదిసార్లు వెళ్తుందో చెప్పలేం. రియాక్ట్‌లోని స్ట్రిక్ట్ మోడ్ డెవలప్‌మెంట్ సమయంలో ఫంక్షన్లను కావాలనే రెండేసి సార్లు నడిపి ఈ తప్పును బయటికి లాగుతుంది. ఎల్మ్ భాష (2012) మాత్రం మొదటి నుంచీ తప్పు చేసే వీలే ఇవ్వలేదు. అందులో ఫంక్షన్ బయటి ప్రపంచాన్ని నేరుగా తాకలేదు, ఫలానా పని జరగాలని ఒక విలువగా తిరిగి ఇవ్వగలదు అంతే. ఎల్మ్ వాడేవాళ్లు తక్కువే కానీ, దాని ఆలోచనా విధానం తర్వాత వచ్చిన చాలా లైబ్రరీల్లో కనబడుతుంది. జావాస్క్రిప్ట్, కోట్లిన్, స్విఫ్ట్ లాంటి పూర్తి స్థాయి భాషల్లో వర్ణన రాయడం వల్ల జామెల్ నాటి ఇరుకు పోయింది. దాని మూల్యం, క్రమశిక్షణ భాష చేతుల్లోంచి మనిషి చేతుల్లోకి రావడం.

లేనిదాన్ని వర్ణించడం

స్క్రీన్ అంటే స్టేట్‌కి అద్దం అన్న సూత్రం అన్నిటికీ సరిపోతే బాగుండేది. జాబితాలోంచి ఒక వరసను తీసేసినప్పుడు అది మెల్లగా మసకబారి పోవాలని డిజైనర్ అడుగుతారు. స్టేట్‌లో ఆ వరస ఇప్పటికే లేదు. కొత్త వర్ణనలోనూ లేదు. స్క్రీన్ మీద మాత్రం ఇంకో 300 మిల్లీసెకన్లు ఉండాలి. లేనిదాన్ని ఎలా వర్ణించడం? స్విఫ్ట్‌యూఐ, కంపోజ్ ఇందుకు సొంత ఏర్పాట్లు చేసుకున్నాయి. పోయిన వరస నీడను ఫ్రేమ్‌వర్కే కొంతసేపు పట్టుకుని ఉంటుంది. రియాక్ట్‌లో చాలాకాలం ఆ పని బయటి లైబ్రరీల మీదే పడింది. ఉన్నదాన్ని కదిలించడం మాత్రం అందరికీ తేలికే. క్యూఎమ్‌ఎల్‌లో ఒక ప్రాపర్టీకి బిహేవియర్ తగిలిస్తే, ఆ విలువ ఎప్పుడు మారినా దూకకుండా జారుతుంది.

"చివరి మెసేజ్ దగ్గరికి స్క్రోల్ చెయ్" అన్నదీ వర్ణనకు లొంగదు. అది స్థితి కాదు, ఒకసారి జరిగి అయిపోయే పని. దాన్ని స్టేట్‌గా నటింపజేయడానికి "స్క్రోల్ చేయాలి: అవును" అని పెట్టి, చేశాక "కాదు" అని మార్చే కోడ్ అక్కడక్కడా కనబడుతుంది. అలాంటి చోట నేరుగా ఆదేశమే నయం. ఫ్రేమ్‌వర్క్‌లన్నీ అందుకు ఒక పక్క తలుపు ఉంచాయి కూడా.

అన్నిటికన్నా మొండిది టెక్స్ట్ పెట్టె. కార్డు నంబర్ టైప్ చేస్తుంటే నాలుగేసి అంకెలకు ఖాళీ రావాలి. ప్రతి అంకెకూ స్టేట్ మారుతుంది, ఖాళీలతో కొత్త వర్ణన వస్తుంది, ఫ్రేమ్‌వర్క్ పెట్టెలో కొత్త విలువ పెడుతుంది. మధ్యలో ఉన్న అంకెను దిద్దబోతే కర్సర్ చివరికి దూకుతుంది, ఎందుకంటే విలువ గురించి వర్ణనకు తెలుసు, కర్సర్ గురించి తెలియదు. జపనీస్, చైనీస్ కీబోర్డులతో, ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే కీబోర్డులతో ఇది ఇంకా ముదురుతుంది. మాట పూర్తయ్యేదాకా పెట్టెలో ఉన్నవి తాత్కాలికమైన అక్షరాలు, వాటి యజమాని కీబోర్డు. అప్పుడు స్టేట్ వచ్చి విలువను తిరగరాస్తే సగం మాట చెదిరిపోతుంది.

కంపోజ్‌లో మొదటి టెక్స్ట్ పెట్టె పక్కా డిక్లరేటివ్‌గానే ఉండేది: విలువ పైనుంచి రావాలి, మార్పు పైకి చెప్పాలి. ఆ ప్రయాణం మధ్యలో కాస్త ఆలస్యమైతే అక్షరాలు జారిపోవడం, వెనక్కి రావడం జరిగేది. తర్వాత దాన్ని కొత్తగా రూపొందించారు. ఇప్పుడు పెట్టెలోని మాటలు, కర్సర్, తాత్కాలిక అక్షరాలు అన్నీ కలిపి ఒకే స్టేట్ ఆబ్జెక్ట్ దగ్గర ఉంటాయి, రెండో కాపీ లేదు. బయటి నుంచి దాన్ని మార్చాలంటే ఎడిట్ అనే బ్లాక్ తెరిచి అందులో రాయాలి. అక్కడ రాసేవి చివర ఇది చేర్చు, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా తీసి ఇది పెట్టు, కర్సర్‌ని చివరికి జరుపు అనే మాటలే.